మడవ కాడ మొదలుపెట్టి పైకి

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం మా మామ ఫోన్ చేశాడు. ఆయనకు చాపాడు దగ్గర కె.సి. కాలువ కింద రెండెకరాల మాగాణి ఉంది. నేనుండేది కర్నూలులో.

"అబ్బీ, కంప్యూటర్లో సౌండు రాలేదు. షాపుకు ఎత్తకపోతే ఫార్మాట్ కొట్టాలంటాండాడు. కొట్టిచ్చేదా?"

"వద్దు మామా. ఒక్క పూట ఆగు" అన్నాను.

అంత గట్టిగా వద్దనడానికి నాకు కారణం ఉంది. చాలా ఏళ్ల కిందట మా ఇంట్లో కంప్యూటర్‌కూ ఇట్లాగే శబ్దం పోయింది. తెలిసిన షాపులో ఇచ్చాం. సాయంత్రానికి ఫార్మాట్ కొట్టి బాగుచేసి ఇచ్చారు, పాటలు గట్టిగానే మోగాయి. అయితే డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నవన్నీ తుడిచిపెట్టుకు పోయాయి. వాటిలో మా అవ్వ కథ చెబుతూ మధ్యమధ్యలో పాడిన నలభై నిమిషాల రికార్డింగు ఉంది. అప్పటికే అవ్వ లేదు. శబ్దం తిరిగొచ్చింది, వినాలనుకున్న గొంతు పోయింది. ఆ రోజు నుంచి శబ్దం రాలేదని ఎవరు చెప్పినా ఫార్మాట్ అనే మాట నా నోట రాదు.

మామకు కంప్యూటర్ భాషలో చెబితే విసుగు పుడుతుందని ఆయన భాషలోనే అడిగాను.

"మామా, పొలానికి నీళ్లు రాకుంటే ముందు ఏం చూస్తావు?"

"మడవ చూస్తా. పూడిపోయిందేమో, ఎవడన్నా మలుపుకున్నాడేమో."

"మడవ బాగుంటే?"

"పిల్లకాలువ ఎంబడి పైకి పోతా. తూము కాడ లస్కర్‌ను అడుగుతా. పైన వదిలినారా లేదా వాడు చెప్తాడు."

"మరి సుంకేసుల కట్ట పగలగొట్టి మళ్లీ కట్టమనవు గదా?"

ఫార్మాట్ కొట్టడమంటే అదే. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై, మూడు వందల కిలోమీటర్లకు పైగా నడిచి కడప చేరే ఈ కాలువను 1860లలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వించింది. 1882లో ప్రభుత్వం కొనేసింది. అప్పటి నుంచి చివరి ఆయకట్టు రైతులకు నీళ్లు అందని ఏళ్లు ఎన్నో వచ్చాయి. అట్లాంటి ఏడు చివరి రైతు కాలువ గట్టు మీద నడిచి, తెగిన చోటు ఎక్కడో వెతికేవాడు. కంప్యూటర్‌లో శబ్దం కూడా అట్లాంటి ఒక కాలువలోనే పారుతుంది. దానికీ ఒక తల ఉంది, తూములున్నాయి, చివర ఒక మడవ ఉంది.

ఆ కాలువ ఏమిటో ముందు చెబుతాను. పాట కంప్యూటర్‌లో అంకెల రూపంలో ఉంటుంది. సీడీలో ఒక్క సెకను పాటకు ఎడమకూ కుడికీ చెరి 44,100 అంకెలు. ఇప్పటి కంప్యూటర్లు ఎక్కువగా సెకనుకు 48,000 వాడతాయి. పదహారు బిట్ల లెక్కలో ఒక్కో అంకె 65,536 మెట్లలో ఏదో ఒక మెట్టును చెబుతుంది. పాట పెట్టిన ప్రోగ్రాం, అది యూట్యూబ్ తెరిచిన బ్రౌజర్ అయినా వీఎల్‌సీ అయినా, ఈ అంకెలను ఆపరేటింగ్ సిస్టమ్‌కు అందిస్తుంది. అక్కడ మిక్సర్ ఉంటుంది. నాలుగు ప్రోగ్రాములు ఒకేసారి శబ్దం పంపినా కలిపి ఒకే ధార చేసేది అదే. ఏ దారిన బయటికి వదలాలో తేల్చేదీ అదే. దాని కింద డ్రైవర్. డ్రైవర్ అంటే ఫలానా చిప్పుతో ఎట్లా మాట్లాడాలో తెలిసిన చిన్న ప్రోగ్రాం. ఆ తర్వాత మదర్‌బోర్డు మీద చిప్పు. ఎక్కువ కంప్యూటర్లలో అది తైవాన్‌కు చెందిన రియల్‌టెక్ వాళ్లది. ఆ చిప్పు అంకెలను కరెంటు అలలుగా మారుస్తుంది. ఆ అలలు సిపియు డబ్బా వెనకున్న పచ్చ రంధ్రం నుంచి, వైరు మీదుగా స్పీకర్‌కు పోతాయి.

ఒకప్పుడు శబ్దం కోసం వేరే కార్డు కొని లోపల బిగించుకోవాల్సి వచ్చేది. సింగపూర్ కంపెనీ క్రియేటివ్ 1989లో తెచ్చిన సౌండ్ బ్లాస్టర్ అట్లాంటిదే. ఇంటెల్ 2004లో హై డెఫినిషన్ ఆడియో అనే పద్ధతి తెచ్చిన తర్వాత దాదాపు ప్రతి మదర్‌బోర్డు మీదా శబ్దం చిప్పు ఉంటోంది. కాబట్టి శబ్దం పోయిందంటే చిప్పే కాలిపోయిందని భయపడనక్కర్లేదు. నేను చూసినంతలో చిప్పు కాలినవి చాలా తక్కువ. ఎక్కువసార్లు ఎక్కడో ఒక తూము మూసుకుపోయి ఉంటుంది.

మామతో మడవ నుంచే మొదలుపెట్టించాను. స్పీకర్‌కు లైటు వెలుగుతోందా? గుండీ తిప్పి ఉందా? వెలుగుతోంది, తిప్పే ఉంది. "ఆ స్పీకర్ పిన్ను తీసి నీ పాత ఫోన్‌కు పెట్టి ఒక పాట పెట్టు" అన్నాను. పాట మోగింది. రెండు నిమిషాలు కూడా పట్టని ఈ పనితో సగం కాలువ తేలిపోతుంది. స్పీకర్ బాగుంది, వైరు బాగుంది, అడ్డు ఎక్కడున్నా సిపియు వైపే ఉంది. ఫోన్‌కు గుండ్రటి రంధ్రం లేకపోతే టీవీకో, పక్కింటి లాప్‌టాప్‌కో పెట్టి చూడవచ్చు. ఈ పని చేయకుండా కొత్త స్పీకర్లు కొనుక్కొచ్చి, అవీ మోగక తల పట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

తర్వాత రంధ్రం. పచ్చది స్పీకర్‌కు, గులాబీ రంగుది మైకుకు, నీలం బయటి నుంచి శబ్దం లోపలికి తేవడానికి. ఈ రంగుల కట్టుబాటు 1990ల చివర నుంచి ఉంది. పిన్ను గులాబీలో పెట్టి శబ్దం రాలేదనుకోవడం చాలా మామూలు. డబ్బా వెనక చీకటిలో చేత్తో తడిమి పెడతాం కదా. టార్చి వేసుకుని చూడండి. ముందువైపు రంధ్రం పనిచేయక వెనకది పనిచేస్తే మాత్రం, కంప్యూటర్ బిగించినవాళ్లు లోపల మదర్‌బోర్డుకు కలపాల్సిన తొమ్మిది పిన్నుల సన్న వైరును వదిలేసి ఉంటారు. అది చెడిపోవడం కాదు, కలపకపోవడమే.

మన వైపు రంధ్రం దగ్గరే ఇంకొక సంగతి ఉంది, దుమ్ము. ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, బేతంచెర్ల వైపు నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్లు, కడప బండలు కోసే మిషన్లు. వీటి దగ్గర ఊళ్లలో సిపియు మూత తీస్తే లోపల బూడిద పోసినట్టుంటుంది. పాత రకం జాక్ లోపల చిన్న స్ప్రింగు రేకు ఉంటుంది. పిన్ను పెట్టగానే అది వంగి, "హెడ్‌ఫోన్ పెట్టారు, వెనక స్పీకర్ ఆపు" అని చెబుతుంది. దుమ్ముకూ చిలుముకూ ఆ రేకు వంగినట్టే ఇరుక్కుపోతే, ముందు రంధ్రంలో ఏమీ లేకపోయినా కంప్యూటర్ మాత్రం హెడ్‌ఫోన్ ఉందనుకుని స్పీకర్‌ను మూసేస్తుంది. కంప్యూటర్ పూర్తిగా ఆపి, హెడ్‌ఫోన్ పిన్నును ఆ రంధ్రంలో పది సార్లు పెట్టి తీస్తే చాలావరకు రేకు మళ్లీ కదులుతుంది. ఎలక్ట్రానిక్ సామాన్ల అంగడిలో కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే దొరుకుతుంది, దాన్ని ఒక చుక్క వాడవచ్చు. కొబ్బరినూనె, కిరసనాయిలు వాడకండి. నూనెకు దుమ్ము అతుక్కుని, పదిరోజుల్లో ముందుకంటే ఘోరమవుతుంది.

మామ జాక్‌లో కూడా ఏ ఇబ్బందీ లేదు. ఇక కాలువ తల వైపు పోవాల్సి వచ్చింది.

కాలువలో నీళ్లు ఎంత లోతు పారుతున్నాయో చూడటానికి గేజి రాయి ఉంటుంది కదా, మిక్సర్‌లోనూ అట్లాంటిది ఒకటుంది. విండోస్‌లో సౌండ్ సెట్టింగ్స్ తెరిచి పాట పెడితే, శబ్దం పారుతున్న పరికరం పక్కన ఒక పట్టీ పైకీ కిందికీ ఆడుతుంది. విండోస్‌కు బదులుగా వాడే లినక్స్‌లో పల్స్ ఆడియో వాల్యూమ్ కంట్రోల్ అనే చిన్న ప్రోగ్రాంలో ఇదే కనబడుతుంది. పట్టీ ఆడకపోతే శబ్దం ఆ తూముదాకా రానేలేదని అర్థం. బ్రౌజర్ ట్యాబ్ మీద మ్యూట్ పడిందేమో, వీఎల్‌సీలో శబ్దం సున్నాలో ఉందేమో చూడాలి. పట్టీ ఆడుతూ స్పీకర్ మోగకపోతే శబ్దం పారుతోంది, పారాల్సిన వైపు కాకుండా ఇంకోవైపు పారుతోంది. చేతిలో పరికరమేదీ లేకుండా ఇంతకంటే మంచి పరీక్ష నాకు తెలియదు.

"ఆడుతాంది. పచ్చగా ఎగురుతాంది" అన్నాడు మామ.

"ఆ పట్టీ పక్కన ఏం పేరుంది?"

ఆయన ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటి కూడబలుక్కుని చదివాడు. అది మానిటర్ పేరు. విషయం అక్కడ తేలింది. అంతకు వారం ముందు మా మామ కొడుకు సెలవులకు వచ్చి, బొమ్మ మసగ్గా ఉందని పాత నీలం వీజీఏ వైరు తీసేసి హెచ్‌డీఎంఐ వైరు బిగించి పోయాడు. వీజీఏ వైరులో బొమ్మ ఒక్కటే పోతుంది. హెచ్‌డీఎంఐలో శబ్దం కూడా పోతుంది. కొత్త దారి కనబడగానే విండోస్ శబ్దాన్ని అటు మళ్లించింది. ఆ మానిటర్‌లో స్పీకర్లే లేవు. పైరు లేని చేను మీదికి మడవ తిప్పినట్టయింది. తెర కింద కుడిమూల స్పీకర్ బొమ్మ నొక్కి, మానిటర్ పేరు మీద నొక్కితే వచ్చే వరసలో రియల్‌టెక్ స్పీకర్లను ఎంచుకోమన్నాను. మరుక్షణం ఫోన్‌లోనే పాట వినబడింది. ఫార్మాట్ కొట్టి ఉంటే వాళ్ల నాయన ఫొటోలు, పాసుపుస్తకాల స్కాన్లు, తొమ్మిదేళ్ల చిట్టా లెక్కలు పోయేవి. ఫార్మాట్ తర్వాత కూడా హెచ్‌డీఎంఐ వైరు అక్కడే ఉండేది కాబట్టి శబ్దం మళ్లీ మానిటర్‌కే పోయి ఉండవచ్చు.

మామకు ఇది ఒక మధ్యాహ్నపు చికాకు. చూపు లేనివారికి ఇది తెర ఆరిపోవడంతో సమానం. ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ 2006లో మొదలుపెట్టి, తర్వాత జేమ్స్ టేతో కలిసి పెంచిన ఎన్‌వీడీఏ అనే ఉచిత ప్రోగ్రాం తెర మీది అక్షరాలను పైకి చదువుతుంది. లినక్స్‌లో ఆ పని ఓర్కా చేస్తుంది. రెండింటికీ తెలుగు గొంతు ఇచ్చేది ఈస్పీక్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. గొంతు కొంచెం మరబొమ్మలా ఉంటుంది గానీ, నేరుగా తెలుగు పాఠం చదువుతుంది. డిగ్రీ చదివే చూపు లేని విద్యార్థికి శబ్దం వేరే పరికరానికి మళ్లిందంటే, అది మళ్లిందని చెప్పే గొంతు కూడా పోయిందన్నమాట. తనంతట తాను సరిచేసుకోవడానికి దారే ఉండదు. అందుకే అట్లాంటి విద్యార్థులున్న ప్రతి కాలేజీ ల్యాబులోనూ, ప్రతి ఇంట్లోనూ ఒక యూఎస్‌బీ సౌండ్ కార్డు ఉండాలని నేను గట్టిగా అంటాను. బొటనవేలంత ఉంటుంది, కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. యూఎస్‌బీ ఆడియోకు అందరూ ఒప్పుకున్న ఒకే పద్ధతి ఉంది కాబట్టి దానికి డ్రైవర్ ఎక్కించాల్సిన పనిలేదు. గుచ్చి హెడ్‌ఫోన్ పెడితే విండోస్ చాలాసార్లు శబ్దాన్ని తనంతట తానే దానికి మళ్లిస్తుంది. ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో ప్రొజెక్టర్లకు లక్షలు పెడుతున్న చోట ఇది ఎవరికీ గుర్తు రాకపోవడం నాకు బాధగా ఉంటుంది.

డ్రైవర్ సంగతికి వస్తాను. ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఎక్కించడం కూడా కలుస్తుంది. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచినప్పుడు సౌండ్ అన్నచోట పసుపు త్రికోణం కనబడితే డ్రైవర్‌లో ఇబ్బంది ఉన్నట్టు. దాని మీద కుడి నొక్కు నొక్కి అన్‌ఇన్‌స్టాల్ చేసి, కంప్యూటర్‌ను ఒకసారి ఆపి వేస్తే, చాలాసార్లు విండోసే తన దగ్గరున్న హై డెఫినిషన్ ఆడియో డ్రైవర్ వేసుకుంటుంది. పాటలకూ పాఠాలకూ అది సరిపోతుంది. రియల్‌టెక్ సొంత డ్రైవరే కావాలంటే మీ మదర్‌బోర్డు కంపెనీ సైటులో, మీ మోడల్ నంబరు కింద దొరికేదే తెచ్చుకోండి. మోడల్ నంబరు మదర్‌బోర్డు మీదే అచ్చు వేసి ఉంటుంది. అన్ని కంప్యూటర్లకూ అన్ని డ్రైవర్లూ ఒకే పెన్‌డ్రైవ్‌లో అని తిరిగే మూటలను దూరంగా పెట్టండి.

ఎందుకో మన జిల్లాల రైతుకు చెప్పనక్కర్లేదు. నంద్యాల చుట్టుపక్కల పత్తి విత్తనం పండించే ఊళ్లున్నాయి. నకిలీ విత్తనం చేసే చేటు కూడా ఇక్కడివాళ్లకే బాగా తెలుసు. ధ్రువీకరించిన విత్తన సంచికి నీలం ట్యాగు ఉంటుంది. దాని మీద లాటు నంబరు ఉంటుంది, మొలకెత్తకపోతే అడగడానికి ఒక దారి ఉంటుంది. లూజు సంచిలో వచ్చే విత్తనం చూడటానికి అచ్చం అట్లాగే ఉంటుంది, తేడా రెండు నెలల తర్వాత చేలో తెలుస్తుంది. క్రాక్ చేసిన విండోసూ, డబ్బు కట్టకుండా తెరిపించే యాక్టివేటర్లూ, ఇంటర్నెట్‌లో పెద్ద పచ్చ డౌన్‌లోడ్ బొత్తంతో పిలిచే ప్రోగ్రాములూ లూజు విత్తనాలే. యాక్టివేటర్ ఎక్కించేటప్పుడు వైరస్ స్కానర్‌ను ఆపమంటారు చూడండి, కాపలా కుక్కను కట్టేసి తలుపు తీయమన్నట్టు. అట్లా ఆపమన్న ఏ ప్రోగ్రామునూ నేను ఎక్కించను, ఎవరినీ ఎక్కించనివ్వను.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆగిపోయింది. ఇళ్లలో వాడేవాళ్లకు ఇంకో ఏడాది పొడిగింపు అడిగి తీసుకునే వీలు ఇచ్చింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచి పైకి ఉండాలి. అంటే ఇంచుమించు 2017కు ముందు కొన్న కంప్యూటర్లన్నీ, బాగా నడుస్తున్నా సరే, గడప బయటే. మామది అట్లాంటిదే. వానలు పడిన తర్వాత దానికి నేను లినక్స్ మింట్ వేశాను.

వేసే ముందు ఒక పని చేశాను, ప్రతి ఒక్కరూ చేయాల్సిన పని. లినక్స్‌ను కంప్యూటర్‌లో ఎక్కించకుండా పెన్‌డ్రైవ్ మీద నుంచే నడిపి చూడవచ్చు. ఎనిమిది జీబీ పెన్‌డ్రైవ్ చాలు. అట్లా నడుస్తున్నంతసేపూ లోపలి హార్డ్ డిస్కును మనం ముట్టుకోనక్కర్లేదు. అందులో శబ్దం వస్తే స్పీకరూ జాకూ చిప్పూ అన్నీ బాగున్నాయి, ఇబ్బంది విండోస్‌లోనే ఉందని తేలిపోతుంది. శబ్దం పోయే దారి సరిగా ఎంచుకున్నా రాకపోతే, ఫార్మాట్ వల్ల ఉపయోగం ఉండకపోవచ్చని కూడా అక్కడే తెలుస్తుంది. శబ్దం పోయి షాపుకు వచ్చిన ప్రతి కంప్యూటర్‌కూ ముందు ఈ పెన్‌డ్రైవ్ పెట్టి చూస్తే, ఎన్ని ఇళ్ల ఫొటోలు మిగిలేవో.

లినక్స్‌లో శబ్దం కాలువ పేర్లు వేరు. చిప్పుతో మాట్లాడే డ్రైవర్ల కట్ట పేరు ఆల్సా. యారోస్లావ్ కీసెలా 1998లో మొదలుపెట్టాడు. దాని మీద మిక్సర్ పనికి చాలాకాలం పల్స్ ఆడియో ఉండేది. ఇప్పుడు ఆ స్థానంలోకి రెడ్ హ్యాట్ ఇంజనీరు విమ్ టేమాన్స్ మొదలుపెట్టిన పైప్‌వైర్ వచ్చింది. ఉబుంటులో 2022 అక్టోబరు నుంచి, మింట్‌లో 2024 నుంచి అదే. సౌండ్ సెట్టింగ్స్‌లో డమ్మీ ఔట్‌పుట్ అని ఒక్కటే కనబడితే, ఆల్సాకు కార్డు దొరకలేదని అర్థం. కార్డు కనబడుతూ శబ్దం లేకపోతే టెర్మినల్ తెరిచి ఆల్సామిక్సర్ అని కొట్టండి. నిలువు గొట్టాలు కనబడతాయి. ఏ గొట్టం కిందైనా ఎం అక్షరం రెండుసార్లు ఉంటే అది మూసి ఉంది, ఎం నొక్కితే తెరుచుకుంటుంది. రెండు కార్డులుంటే ఎఫ్ 6 నొక్కి మారాలి. మొదట వచ్చేది హెచ్‌డీఎంఐ కార్డు కావచ్చు. మామ తూము లాంటిదే ఇక్కడా.

సాఫ్ట్‌వేర్ ఎక్కించే పద్ధతి మాత్రం లినక్స్‌లో నాకు చాలా ఇష్టం. సైటు సైటూ తిరగక్కర్లేదు. రిపాజిటరీ అని ఒక గోదాము ఉంటుంది. మింట్‌కు ఆధారమైన ఉబుంటు, ఉబుంటుకు ఆధారమైన డెబియన్, ఇట్లా ఒకదాని మీద ఒకటి నిలబడ్డ గోదాములు. 2023లో వచ్చిన డెబియన్ 12 ఒక్కదానిలోనే 64 వేలకు పైగా ప్యాకేజీలున్నాయి. గోదాము జాబితా మీద తాళంచెవి లాంటి డిజిటల్ సంతకం ఉంటుంది. దారిలో ఎవరైనా ప్యాకేజీని మారిస్తే సంతకం కుదరదు, కంప్యూటర్ ఎక్కించుకోనంటుంది. విత్తన సంచి నీలం ట్యాగును ప్రతిసారీ యంత్రమే చదివినట్టు. ఆప్ట్ అనే పనిముట్టు ఇంకొకటి కూడా చేస్తుంది. ఒక ప్రోగ్రాంకు వేరే పది ముక్కలు కావాలంటే అవన్నీ వెతికి తెచ్చి వరసగా పెడుతుంది.

ఇందులోనూ మన ఊరి ఇబ్బంది ఒకటి వస్తుంది. అప్‌డేట్లు ఎక్కుతుండగా కరెంటు పోయింది. మామ ఇంట్లో యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. మళ్లీ వేసేసరికి ప్యాకేజీలను ఎక్కించే డిపికెజి మధ్యలో ఆగిపోయింది అని ఎర్రగా చెబుతోంది, కొత్తది ఏదీ ఎక్కనివ్వడం లేదు. ఆ సందేశంలోనే మందు కూడా రాసి ఉంటుంది. చాలామంది దాన్ని చదవరు. ఫోన్‌లో చెప్పాను. సుడో, ఖాళీ, డి పి కె జి, ఖాళీ, రెండు అడ్డగీతలు కలిపి కాన్ఫిగర్, ఖాళీ, ఒక అడ్డగీత, ఎ. పదో తరగతి దాకా చదివిన మామ ఒక్కో అక్షరం నొక్కుతూ తిరిగి నాకు వినిపించాడు. పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద అక్షరాలు కనబడవు, భయపడొద్దని ముందే చెప్పాను. సగం ఆగిన పనులన్నీ అది ఒక్కొక్కటి పూర్తిచేసుకుంది. అప్పుడు ఆయన గొంతులో విన్న సంతోషం నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

ఇట్లా నేర్చుకోవడానికి మన జిల్లాల్లో మనుషులున్నారు. ఇడుపులపాయలో 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీలో పల్లెటూళ్ల నుంచి పదో తరగతి ముగించుకుని వచ్చిన పిల్లలు చదువుతున్నారు. కర్నూలులో 2015లో ట్రిపుల్ ఐటీడీఎం వచ్చింది. తెలుగులో కనబడే లినక్స్‌ను తెచ్చిన స్వేచ్ఛ సంస్థ హైదరాబాదు కేంద్రంగా 2005 నుంచి ఇంజనీరింగ్ విద్యార్థులను కూడగడుతోంది. సెలవులకు ఇంటికొచ్చిన పిల్లవాడు ఒక్క పూట తమ వీధిలో కూర్చుంటే చాలు. ఒక్కటి మాత్రం నిజాయితీగా చెప్పాలి. అను ఫాంట్లతో పెళ్లి పత్రికలు, కరపత్రాలు వేసే డీటీపీ అంగళ్లవాళ్లను లినక్స్‌కు రమ్మని నేను బలవంతం చేయను. వాళ్ల బతుకుతెరువు ఉన్న సాఫ్ట్‌వేర్ విండోస్ కోసం చేసింది. వాళ్లు పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మెల్లగా మార్చుకుంటూ పోవాలి, అది వేరే కథ.

ఈ ఎండాకాలం మామ మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి శబ్దం పోలేదు, ఎక్కువైంది. పాట ఆపినా స్పీకర్లో జుయ్యిమంటోంది, సిపియు డబ్బా మీద చెయ్యి పెడితే జివ్వుమంటోంది. ఫోన్‌కు స్పీకర్ కలిపితే ఆ మోత లేదు. అక్కడే నాకు అర్థమైంది, ఇది ఎర్తు.

కంప్యూటర్ లోపలి పవర్ సప్లైలో చిన్న కెపాసిటర్లుంటాయి. మెయిన్సు నుంచి వచ్చే చిరచిరను అవి ఇనుప డబ్బా మీదికి, అక్కడి నుంచి మూడో పిన్ను ద్వారా భూమిలోకి పంపుతాయి. భూమి దారి తెగితే, డబ్బా మీద మెయిన్సు వోల్టేజీలో సగం దాకా నిలబడుతుంది. మోసే కరెంటు చాలా తక్కువ కాబట్టి మామూలుగా ప్రాణం తీయదు గానీ చేతికి తెలుస్తుంది. అదే కరెంటు స్పీకర్ వైరు తొడుగు ద్వారా దారి వెతుక్కుంటే, సెకనుకు యాభై సార్లు ఊగే మన కరెంటు జుయ్యిమని వినబడుతుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. నిజంగా ఎక్కడన్నా షార్టు జరిగితే కాపాడాల్సిన ఎర్తు అక్కడ లేదు. అందుకే ఈ మోతను శబ్దం బాధగా కాక ఇంటి బాధగానే తీసుకోవాలి. మూడో పిన్ను విరిచి రెండు పిన్నుల సాకెట్లో పెట్టడం మన ఇళ్లలో చూస్తూనే ఉంటాం. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి.

మామ ఇంట్లో పిన్ను సరిగానే ఉంది. తప్పు నేలది. తడి మట్టి కరెంటును మోస్తుంది, ఎండిన మట్టి మోయదు. ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్ల వాన పడే సీమలో, పైమట్టి కింద నాపరాయి పలకలు పరుచుకున్న చోట, మే నెలలో ఎర్తు గుంత ఎండి గట్టిపడిపోతుంది. అందుకే మన పాత ఎలక్ట్రీషియన్లు గుంతలో ఉప్పూ బొగ్గూ వేసి, నీళ్లు పోయడానికి పైన గొట్టం వదిలేవాళ్లు. ఉప్పు తడి మట్టిలో కరెంటు సులువుగా పారేట్టు చేస్తుంది, బొగ్గు తడిని పట్టి ఉంచుతుంది. మామ ఇంట్లో ఆ గొట్టం మీద ఎవరో బండ పరిచారు. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి బండ తీయించాం. తుప్పు పట్టిన నట్టు మార్చాడు, కొత్తగా ఉప్పు వేశాడు, ఎర్తు మెగ్గర్ పెట్టి కొలిచాడు. మరునాటికి జుయ్యిమనే మోత పోయింది.

ఇప్పుడు ఆయన వారానికి రెండు బిందెలు ఆ గొట్టంలో పోస్తున్నాడు. మొన్న ఫోన్లో నేను అడగకముందే చెప్పాడు: "కాలువకు నీళ్లు ఎప్పుడిడుస్తారో తెల్దు గానీ అబ్బీ, దీనికి మాత్రం బోరు నీళ్లు పోస్తాండా."